పాత లగ్జరీ కారు: పడిపోయిన ధర, పడిపోని ఖర్చు

పదేళ్లు దాటిన పెద్ద జర్మన్ సెడాన్ ఒక్కోసారి కొత్త చిన్న కారు ధరకే దొరుకుతుంది. లెదర్ సీట్లు, చెక్క ప్యానెళ్లు, ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజిన్, తలుపు వేయగానే బయటి రొద ఆగిపోయే క్యాబిన్. ఒకప్పుడు కొద్దిమందికే అందిన ఈ సౌఖ్యం ఇప్పుడు మామూలు జీతగాళ్లకూ అందేంత దగ్గరకు వచ్చినట్టు కనిపిస్తుంది. ఇందులో సగం నిజమే. కారును కొనడం నిజంగానే సులువైంది. దాన్ని నిలబెట్టుకోవడం మాత్రం మొదటి యజమానికి ఎంత ఖరీదో, మూడో యజమానికీ అంతే ఖరీదు. చాలాసార్లు ఇంకా ఎక్కువ.

కారణం చాలా సాదా. ఏటేటా విలువ పడిపోయేది కారుకే. దాని రేడియేటర్‌కు, హెడ్‌లైట్‌కు, గేర్‌బాక్స్‌కు ఆ తరుగుదల వర్తించదు. విడిభాగాల ధరలు ఆ కారును కొత్తగా కొనగలిగినవారి స్తోమతను బట్టి పెట్టినవి. కారు పాతదైందని కంపెనీ వాటిని తగ్గించదు, సరికదా ఏళ్లు గడిచేకొద్దీ పెంచుతుంది. మెకానిక్ గంటకు తీసుకునే లేబర్ చార్జీ కూడా కారు వయసును బట్టి తగ్గదు. పాత బోల్టులు తుప్పుపట్టి విరిగిపోతుంటాయి కాబట్టి అదే పనికి ఎక్కువ గంటలు పడతాయి.

ఒక లెక్క వేసుకుంటే ఇది స్పష్టమవుతుంది. కొత్తప్పుడు 100 పలికిన కారు పన్నెండేళ్లకు 15 పలుకుతోందనుకుందాం. కొత్తప్పుడు ఒక ఎయిర్ సస్పెన్షన్ స్ట్రట్ (చక్రం దగ్గర కుదుపులను మింగే భాగం) మార్చడానికి 2 అయ్యేదనుకుంటే, అది కారు విలువలో యాభయ్యో వంతు. ఆ ధర అసలు పెరగలేదనుకున్నా ఇప్పుడది కారు విలువలో ఏడో వంతుకు దగ్గర. నాలుగు చక్రాల దగ్గరా మార్చాల్సి వస్తే కారు కొన్న డబ్బులో సగానికి పైగా ఒక్క సస్పెన్షన్‌కే పోతుంది. ఇంజిన్ జోలికి ఇంకా వెళ్లనే లేదు.

ధర అంతగా పడిపోవడాన్ని చాలామంది మార్కెట్ చేసిన పొరపాటుగా, తమకు దొరికిన అవకాశంగా చూస్తారు. నిజానికి మార్కెట్ ఇక్కడ తెలివిగానే లెక్కవేస్తోంది. ముందు రాబోయే రిపేర్ల ఖర్చును ఆ ధరలోంచి ముందే తీసేశారు. మొదటి యజమాని వారంటీ ఉన్నన్నాళ్లు హాయిగా తిరిగి, అది ముగిసే వేళకు అమ్మేస్తాడు. రెండో యజమాని కొన్నాళ్లు సర్వీసులు సక్రమంగా చేయిస్తాడు. పెద్ద బిల్లు ఒకటి రాబోతోందని తెలిసిన రోజున అమ్మకానికి పెడతాడు. ఆ బిల్లు ఏమిటో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. పాత కార్ల బజారులో ఉండే ఈ తేడా గురించే ఆర్థికవేత్త జార్జ్ ఏకర్‌లాఫ్ 1970లో రాశారు. ఏది మంచి కారో ఏది చెడ్డ కారో కొనేవారు పోల్చుకోలేనప్పుడు అన్నిటికీ సగటు ధరే ఇవ్వజూపుతారు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు, చెడ్డ కారున్నవాడు సంతోషంగా అమ్ముతాడు. చివరికి బజారులో మిగిలేవి ఎక్కువగా రెండో రకం కార్లే. ఈ తరహా పరిశోధనకే ఆయన 2001లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. పాత లగ్జరీ కార్ల విషయంలో ఈ సూత్రం మరీ గట్టిగా వర్తిస్తుంది. దాచిపెట్టగలిగిన లోపం విలువ ఇక్కడ చాలా పెద్దది.

వయసు కిలోమీటర్లలో కనిపించదు

"పన్నెండేళ్ల కారే గానీ తిరిగింది చాలా తక్కువ." ఈ మాట వినగానే కొనేవారి మనసు తేలికపడుతుంది. జాగ్రత్తపడాల్సింది సరిగ్గా ఇక్కడే. ఇంజిన్ లోపలి లోహపు భాగాలు తిరిగిన దూరాన్ని బట్టి అరుగుతాయి. రబ్బరు, ప్లాస్టిక్, జిగురు, నురుగు మాత్రం కాలాన్ని బట్టి పాడవుతాయి. ఆయిల్ సీళ్లు గట్టిపడతాయి. సస్పెన్షన్ బుష్‌లు పగుళ్లిస్తాయి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందుకే కారు తిరిగినా తిరగకపోయినా దాన్ని రెండేళ్లకోసారి మార్చమంటారు. షెడ్డులో ఊరికే నిలబెట్టిన కారులో బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు ఒకచోటే నొక్కుకుపోయి గట్టిపడతాయి, పెట్రోల్ ట్యాంకులోనే పాడవుతుంది.

లగ్జరీ కార్లలో ఈ సమస్య ఎక్కువ కావడానికి ఇంజినీరింగ్ కారణాలు ఉన్నాయి. పెద్ద ఇంజిన్‌ను, టర్బోలను, శబ్దం బయటికి రాకుండా కప్పిన మూతలను ఇరుకైన బానెట్ కింద సర్దుతారు. వేడి బయటికి పోయే దారి తక్కువ. ఆ వేడిలోనే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ట్యాంకు, థర్మోస్టాట్ గూడు, నీటి గొట్టాల జాయింట్లు ఉంటాయి. ఇవన్నీ బరువు తగ్గించడానికి ప్లాస్టిక్‌తో చేసినవే. ఏళ్ల తరబడి ఉడికి, చల్లారి, మళ్లీ ఉడికి అవి పెళుసుబారతాయి. 2002లో వచ్చిన మొదటి తరం పోర్షె కయెన్ వి8లో కూలెంట్ పైపులు ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, ఇంజిన్ మధ్య లోయలో ఉండేవి. అవి ప్లాస్టిక్ పైపులు. వయసుతో పగిలి కూలెంట్ అక్కడే కారిపోయేది. తర్వాత పోర్షె అల్యూమినియం పైపులు ఇచ్చింది. ఇవాళ ఆ కారు కొనేవారు అడగాల్సిన మొదటి ప్రశ్న ఆ పైపులు మార్చారా లేదా అన్నదే.

బీఎండబ్ల్యూ 2008లో తెచ్చిన ఎన్63 వి8 ఇంజిన్‌లో రెండు టర్బోలూ సిలిండర్ వరసల మధ్యలోనే కూర్చుంటాయి. ఎగ్జాస్ట్ వేడంతా ఇంజిన్ నడినెత్తిన పోగవుతుంది. వాల్వ్ స్టెమ్ సీళ్లు గట్టిపడి ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది, చుట్టూ ఉన్న వైర్లూ గొట్టాలూ ఎండిపోతాయి. 2014 చివర్లో అమెరికాలో ఈ ఇంజిన్ యజమానుల కోసం కంపెనీ ప్రత్యేక తనిఖీ కార్యక్రమమే పెట్టాల్సి వచ్చింది. అంతకుముందు 1990ల మొదటి సగంలో వచ్చిన కొన్ని మెర్సిడెస్-బెంజ్ కార్లలో ఇంజిన్ వైర్ల మీది తొడుగు వేడికి పొడిపొడిగా రాలిపోయేది. ఆ కార్ల ఇంజిన్లు మహా గట్టివని పేరు. వైరింగ్ మాత్రం మొత్తం మార్చుకోవాల్సి వచ్చింది.

పార్టు చిన్నది, పని పెద్దది

విడిభాగం ధర ఇంటర్నెట్‌లో చూసుకుని "ఇంతేనా" అనుకునేవారు ఒక సంగతి మరిచిపోతారు. ఆ భాగం దాకా చేరుకోవడానికి ఏమేం విప్పాలన్నదే బిల్లును నిర్ణయిస్తుంది.

ఆడీ ఎస్4లో 2003 నుంచి కొన్నేళ్లు వాడిన 4.2 లీటర్ల వి8 దీనికి మంచి ఉదాహరణ. వాల్వులను వేళకు తెరిపించి మూయించే టైమింగ్ చైన్లు సాధారణంగా ఇంజిన్ ముందు వైపు ఉంటాయి. ఇందులో గేర్‌బాక్స్ వైపు, వెనక ఉన్నాయి. ఇంజిన్ పొట్టిగా ఉండి చిన్న కారులో పట్టాలని చేసిన ఏర్పాటది. చైన్‌ను నడిపించే ప్లాస్టిక్ గైడ్లు అరిగి ఇంజిన్ స్టార్ట్ చేయగానే గరగరమంటే, ఇంజిన్‌ను పూర్తిగా బయటికి దించాల్సిందే. గైడ్ల ఖరీదు ఆ పనిలో చిన్న భాగం. 2000ల మధ్యలో వచ్చిన మెర్సిడెస్ ఎం272 వి6 ఇంజిన్లలో అదురును తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్ పళ్లచక్రం మెత్తటి లోహం వల్ల ముందే అరిగిపోయేది. దానికీ ఇంజిన్ దింపాలి. ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3లో అయితే కొన్ని పెద్ద పనులకు కారు బాడీనే చాసిస్ మీంచి పైకి లేపడం తేలికని చాలామంది మెకానిక్‌లు భావిస్తారు. అలా చేయడానికి లిఫ్టు, జాగా, మనుషులు కావాలి. ఇవి ఉన్న షెడ్లు అన్నిచోట్లా దొరకవు.

ఇక్కడే ఇంకో ఖర్చు చేరుతుంది. ఇంజిన్ ఒకసారి బయటికి వచ్చాక, పక్కనే ఉన్న వాటర్ పంపు, గొట్టాలు, ఇంజిన్ మౌంట్లు, సీళ్లు కూడా మార్చేయమని మంచి మెకానిక్ చెబుతాడు. అది నిజాయితీ గల సలహా. వాటిని వదిలేస్తే ఆరు నెలల్లో మళ్లీ అంత లేబరూ కట్టాల్సి వస్తుంది. కాబట్టి మొదట చెప్పిన అంచనా కంటే చివరి బిల్లు పెద్దదైతే ప్రతిసారీ మోసం జరిగినట్టు కాదు. ఇలాంటి కారు మెకానిక్ పని స్వభావమే అంత.

కొన్ని లోపాలు మరీ ప్రమాదకరం. 1990ల చివరి నుంచి పోర్షె బాక్‌స్టర్, 911లలో వాడిన ఎం96 ఇంజిన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ ఒకటుంది. అరచేతిలో పట్టే భాగమది. అది విరిగితే ఆ ముక్కలతో ఇంజిన్ మొత్తం నాశనమవుతుంది. అన్ని కార్లలోనూ విరగదు. చాలా ఇంజిన్లు ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతున్నాయి. అయినా క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించినప్పుడు ఆ బేరింగ్‌ను కూడా మార్పించడం తెలిసినవారు పాటించే పద్ధతి. అలా మార్చిన రసీదు ఉన్న కారుకూ లేని కారుకూ మధ్య ధరలో తేడా ఉంటే, ఆ తేడా చెల్లించడమే లాభం.

సౌఖ్యాల జాబితాయే ఖర్చుల జాబితా

కొత్త కారు కొనేటప్పుడు అదనపు హంగులు ఎన్ని ఉంటే అంత గొప్ప. పాత కారు దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. ఎయిర్ సస్పెన్షన్, మసాజ్ సీట్లు, తలుపులను మెల్లగా లాగి మూసే మోటార్లు, పనోరమిక్ రూఫ్, నాలుగు జోన్ల ఏసీ, రాత్రిపూట చూపు సాయం, కార్బన్ సెరామిక్ బ్రేకులు. ప్రతి ఒక్కటీ ఏదో ఒకరోజు ఆగిపోయేదే. అమ్మేవారు "ఫుల్ లోడెడ్" అని గర్వంగా చెబుతారు. పన్నెండేళ్ల కారుకు అదే అన్నిటికన్నా భయపడాల్సిన మాట. తక్కువ హంగులతో, మామూలు స్ప్రింగులతో, చిన్న ఇంజిన్‌తో వచ్చిన అదే మోడల్ చాలాకాలం ప్రశాంతంగా నడుస్తుంది. షోరూమ్‌లో ఎవరూ మోజుపడని ఆ కారే సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాల్సిన కారు.

వీటన్నిటిలో ఎయిర్ సస్పెన్షన్ గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పాత లగ్జరీ కార్లలో ఎక్కువమందికి ఎదురయ్యేది అదే. మెర్సిడెస్ 1998లో వచ్చిన ఎస్-క్లాస్‌తో ఎయిర్‌మాటిక్ అనే పేరుతో దీన్ని తెచ్చింది. తర్వాత ఆడీ, రేంజ్ రోవర్, బెంట్లీ, ఇంకా ఎన్నో కార్లలో ఇలాంటి ఏర్పాటే ఉంది. ఉక్కు స్ప్రింగు స్థానంలో గాలి నింపిన రబ్బరు సంచి ఉంటుంది. కంప్రెసర్ గాలిని నింపుతుంది. ఎత్తును కొలిచే సెన్సర్లు చెప్పినట్టు వాల్వులు గాలిని నింపుతూ వదులుతూ కారును సమంగా నిలుపుతాయి. రబ్బరు సంచికి ఏళ్ల మీద సన్నటి పగుళ్లు వస్తాయి. గాలి కొద్దికొద్దిగా కారుతుంది. మొదట్లో తెలియదు, కంప్రెసర్ కాస్త ఎక్కువసేపు తిరిగి ఆ లోటు పూడ్చేస్తుంది. అది రోజూ అలా తిరగాలని చేసిన మోటారు కాదు. కొన్ని నెలలకు వేడెక్కి కాలిపోతుంది, ఒక్కోసారి దాని రిలేను కూడా తనతో తీసుకుపోతుంది. అప్పుడు కారు నేలకు కూలబడుతుంది. మెకానిక్ కొత్త కంప్రెసర్ వేసి, కారుతున్న సంచిని వదిలేస్తే కొత్త కంప్రెసర్ కూడా అదే దారి పడుతుంది. ఒక సంచి పగిలిందంటే మిగతా మూడింటి వయసు కూడా అంతే అని గుర్తుంచుకోవాలి.

దీన్ని తీసేసి మామూలు స్ప్రింగులు వేసే కిట్లు దొరుకుతాయి. ఖర్చు తగ్గుతుంది. కారు నడకలో మెత్తదనం పోతుంది, హెచ్చరిక దీపాలను కోడింగ్‌తో ఆర్పించాల్సి వస్తుంది, మళ్లీ అమ్మేటప్పుడు తెలిసినవారు ముఖం తిప్పుకుంటారు. ఏ సౌఖ్యం కోసం కారు కొన్నారో దాన్నే పీకి పారేయడం బాధాకరమైన రాజీ. 1999లో మెర్సిడెస్ సీఎల్ కూపేతో వచ్చిన యాక్టివ్ బాడీ కంట్రోల్ ఇంకా క్లిష్టమైనది. అందులో గాలికి బదులు అధిక ఒత్తిడిలో ఉండే హైడ్రాలిక్ ఆయిల్ పనిచేస్తుంది. ఒక గొట్టం పగిలితే ఆయిల్ అంతా పోతుంది, పంపు కూడా దెబ్బతింటుంది.

మెర్సిడెస్ 2002లో వచ్చిన ఈ-క్లాస్‌లో వాడిన ఎలక్ట్రో-హైడ్రాలిక్ బ్రేకు విధానం మరో పాఠం. బ్రేకు ఎన్నిసార్లు నొక్కారో దాని యూనిట్ లెక్కపెట్టుకుంటుంది. నిర్ణీత సంఖ్య దాటితే యూనిట్ మార్చమని ఎర్ర అక్షరాల్లో చెబుతుంది. 2006లో కంపెనీ ఈ-క్లాస్‌ను మార్చినప్పుడు ఆ విధానాన్ని వదిలేసి మామూలు హైడ్రాలిక్ బ్రేకులకు తిరిగివచ్చింది. అందువల్ల ఒకే రూపంలో కనిపించే రెండు కార్లలో మూడేళ్ల తేడా అంటే, ఒకదానికి పెద్ద ఖర్చు పొంచి ఉంది, ఇంకోదానికి ఆ బెడదే లేదు. మోడల్ పేరు తెలిస్తే చాలదు, ఏ ఏడాది తయారైందో కూడా పట్టి చూడాలి.

గేర్‌బాక్స్ దగ్గర ఇంకో అపోహ ఉంది. ఎన్నో లగ్జరీ కార్ల కంపెనీలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌ను "జీవితకాలం మార్చనక్కర్లేదు" అని రాశాయి. ఆ గేర్‌బాక్సులను తయారుచేసే జడ్ఎఫ్ సంస్థ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్లకు మార్చమని చెబుతుంది. కారు కంపెనీ దృష్టిలో జీవితకాలం అంటే దాదాపు మొదటి యజమాని దగ్గర ఉన్న కాలం. ఆ మాట నమ్మి ఎవరూ ముట్టుకోని గేర్‌బాక్సే మూడో యజమాని చేతికి వస్తుంది. గేరు మారేటప్పుడు చిన్న కుదుపు, రివర్స్ పడటానికి ఒక క్షణం ఆలస్యం ఉన్నాయంటే ఆయిల్ మార్పుతో సరిపోవచ్చు, లోపలి కంట్రోల్ యూనిట్ (గేర్లను నడిపే చిన్న కంప్యూటర్) దాకా పోవచ్చు. ఈ రెంటి ఖర్చుకు పొంతనే లేదు.

కంప్యూటర్లు, నీళ్లు, తాళాలు

ఇలాంటి కారులో పదుల సంఖ్యలో కంట్రోల్ యూనిట్లు ఉంటాయి. వాటి మరమ్మతు ఖర్చు కంటే, లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి అయ్యే ఖర్చు కొనేవారి ఊహకు అందదు. రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతోంటే, నిద్రపోవాల్సిన ఏ యూనిట్ మేలుకుని ఉందో పట్టుకోవడానికి మెకానిక్ ఒక్కో ఫ్యూజు దగ్గర కరెంటు కొలుస్తూ గంటలు గడుపుతాడు. ఆ గంటలకు డబ్బు కట్టాలి, తీరా దొరికేది ఒక తలుపు లాచ్ కావచ్చు.

నీళ్లు ఈ కార్లకు పెద్ద శత్రువు. సన్‌రూఫ్ చుట్టూ పడిన వాన నీరు సన్నటి గొట్టాల గుండా కిందికి పోవాలి. అవి ఆకులతో, మట్టితో పూడుకుపోతే నీరు కారు లోపలికి దిగి కార్పెట్ కింద చేరుతుంది. చాలా మోడళ్లలో ముఖ్యమైన యూనిట్లు, వైర్ల జాయింట్లు ఉండేది సరిగ్గా అక్కడో, బూట్ అడుగునో. పైన కార్పెట్ పొడిగా కనిపించినా కింద మందపాటి నురుగు నెలల తరబడి తడిగానే ఉంటుంది. 2001 నుంచి బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో మొదలై చాలా కార్లలో ఆడియో, ఫోన్, నావిగేషన్ పరికరాలను ఆప్టికల్ ఫైబర్‌తో వలయంలా కలిపారు. ఆ వలయంలో ఒక్క పరికరం తడిసి పాడైనా మొత్తం మూగబోవచ్చు.

పాత కారు నుంచి విప్పిన యూనిట్ తెచ్చి బిగిస్తే సరిపోతుందనుకోవడం కూడా కుదరదు. ఆడీ కార్లలో కొన్ని యూనిట్లు తమ సొంత కారును గుర్తుపెట్టుకుంటాయి. వేరే కారులో బిగిస్తే కంపెనీ సర్వర్ ద్వారా అనుమతి ఇచ్చేదాకా పూర్తిగా పనిచేయవు. దొంగతనాలను అరికట్టడానికి పెట్టిన ఏర్పాటది, దాని భారం మాత్రం నిజాయితీగా పాత పార్టు కొన్నవారి మీద కూడా పడుతుంది. బీఎండబ్ల్యూలో మామూలు బ్యాటరీ మార్చినా ఆ సంగతి కారుకు స్కానర్‌తో తెలియజేయాలి, లేకపోతే పాత బ్యాటరీ అనుకునే చార్జింగ్ చేస్తుంది. అదనపు తాళం కావాలన్నా అంతే, లోహపు ముక్క కోస్తే సరిపోదు.

కొన్ని సౌకర్యాలు ఎంత డబ్బు పెట్టినా తిరిగి రావు. అమెరికాలో 2022లో 3జీ నెట్‌వర్కులు మూసేసినప్పుడు వాటి మీద ఆధారపడిన పాత కార్ల కనెక్టెడ్ సేవలు ఆగిపోయాయి. కారులో ఆ బటన్ అలాగే ఉంది, అవతల పలికేవారు లేరు.

రోజువారీ ఖర్చులు, ఇన్సూరెన్స్

టైర్లు, బ్రేకుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. కారు బరువుకు, వేగానికి తగ్గ సైజులో ఉంటాయి, ఖరీదూ అంతే. చాలా మోడళ్లలో ముందు టైర్ల కంటే వెనకవి వెడల్పు, కాబట్టి ముందువి వెనక్కి మార్చుకుని వాడే వీలుండదు. టైరు పక్కన చెక్కిన చివరి నాలుగు అంకెలు ఏ ఏడాది ఏ వారంలో తయారైందో చెబుతాయి. టైరు మీది గాడులు బాగానే ఉన్నా ఎనిమిదేళ్ల టైరైతే దాని ఖర్చు కూడా కారు ధరలో కలిపి చూసుకోవాలి. ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ కావాలని కంపెనీ చెప్పినచోట మామూలు పెట్రోల్ పోసి మిగుల్చుకునేది తక్కువ.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. కారు మార్కెట్ విలువ పడిపోయింది, విడిభాగాల ధరలు నిలబడి ఉన్నాయి. ఈ రెండూ కలిసినప్పుడు చిన్న ప్రమాదం కూడా కారును ముగించేస్తుంది. ముందు బంపరు, రెండు హెడ్‌లైట్లు, ఎయిర్‌బ్యాగులు, సీటు బెల్టులు మార్చాలంటేనే కారు విలువ దాటిపోతుంది. ఇన్సూరెన్స్ సంస్థ మరమ్మతుకు ఒప్పుకోకుండా టోటల్ లాస్ అంటుంది. అప్పుడు చేతికి వచ్చేది ఆనాటి మార్కెట్ విలువే. గత ఏడాది సస్పెన్షన్‌కు, గేర్‌బాక్స్‌కు పెట్టిన డబ్బును అందులో లెక్కించరు. కారును ఎంతో శ్రద్ధగా చూసుకున్నవారే ఇక్కడ ఎక్కువ నష్టపోతారు. ఇది అన్యాయంగా అనిపిస్తుంది, కానీ కొనేముందే తెలుసుకోవాల్సిన నిజం.

లెక్కలోకి రాని ఇంకో ఖర్చు ఎదురుచూపు. పార్టు వేరే దేశం నుంచి రావాలి, లేదా దాని తయారీయే ఆగిపోయింది. తెలిసిన మెకానిక్ దూరాన ఉన్నాడు. కారు మూడు వారాలు షెడ్డులోనే ఉంటుంది. ఇంట్లో ఉన్నది ఈ ఒక్క కారే అయితే ఆ మూడు వారాలు వేరే బండికి అద్దె కట్టాలి, పైగా అదో టెన్షన్. పాత లగ్జరీ కారుతో సంతోషంగా ఉన్నవారిలో చాలామందికి ఇంకో నమ్మకమైన బండి ఉంటుంది. అది యాదృచ్ఛికం కాదు.

కొనేముందు ఏం చూడాలి

మొదట చూడాల్సింది కాగితాలు. సర్వీసు పుస్తకంలో ముద్రలున్నాయా అన్నదానికంటే, ఏ ఏళ్లలో ఖాళీలున్నాయన్నది ముఖ్యం. మొదటి ఆరేళ్లు క్రమం తప్పకుండా సర్వీసు జరిగి, యజమాని మారిన తర్వాత మూడేళ్లు ఒక్క రసీదూ లేకపోతే, చేయాల్సిన పనులన్నీ పోగుపడి ఉన్నాయని అర్థం. చేయి మారినప్పుడల్లా కారు మరింత చిన్న జేబు దగ్గరికి వెళ్తుంది. దాని ఖర్చు మాత్రం తగ్గదు కాబట్టి సర్వీసులు వాయిదా పడతాయి. ఓడోమీటర్ రీడింగ్‌ను వెనక్కి తిప్పడం ఇప్పటికీ జరుగుతోంది. ఎన్నో కార్లలో గేర్‌బాక్స్ యూనిట్‌లోనో ఇంకొక దాంట్లోనో కిలోమీటర్ల జాడ విడిగా ఉంటుంది. మంచి స్కానర్ ఉన్న మెకానిక్ ఆ రెంటినీ పోల్చగలడు. కంపెనీ రీకాల్స్ (లోపమున్న భాగాన్ని సరిచేయడానికి కార్లను వెనక్కి పిలవడం) అన్నీ పూర్తయ్యాయో లేదో చాసిస్ నంబరుతో చూసుకోవాలి. ముఖ్యంగా తకాటా సంస్థ తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల రీకాల్ చాలా బ్రాండ్లకు వర్తిస్తుంది. అది ఉచితంగా చేసే పని, ప్రాణాలకు సంబంధించిన పని.

అమ్మేవాడు హెచ్చరిక దీపాన్ని ముందురోజే స్కానర్‌తో ఆర్పేసి ఉండవచ్చు. దీన్ని పట్టుకునే దారి ఉంది. లోపాల జాబితాను చెరిపినప్పుడు కారు తన ఉద్గారాల స్వీయ పరీక్షలను కూడా మొదటికి తెచ్చుకుంటుంది. అవి మళ్లీ పూర్తి కావడానికి కొన్ని రోజుల ప్రయాణం కావాలి. స్కానర్‌లో ఆ పరీక్షలు "పూర్తి కాలేదు" అని కనిపిస్తే, ఈమధ్యే ఏదో చెరిపారనో బ్యాటరీ తీశారనో తెలుస్తుంది. వాటిలో ఏదని అడిగి, కొన్ని రోజుల తర్వాత మళ్లీ చూడటం మంచిది.

కారును చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. చూడటానికి వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉందంటే అనుమానించాలి, ఎందుకంటే చైన్ శబ్దం, పొగ, సస్పెన్షన్ కూలబడటం అన్నీ రాత్రంతా నిలబెట్టిన తర్వాతే బయటపడతాయి. ఆ మోడల్ గురించి తెలిసిన మెకానిక్ చేత లిఫ్టు మీద చూపించడానికి కొంత ఫీజు అవుతుంది. ఇంత ఖర్చుతో కూడిన కారు కొంటూ ఆ కాస్త ఫీజు దగ్గర వెనకాడటం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమే. తనిఖీకి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మేలు. బయటి సంస్థలు అమ్మే ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకునేవారు అందులో ఏవి వర్తించవో రాసిన పేజీని ముందు చదవాలి. సీళ్లు, బుష్‌లు, ఎయిర్ సస్పెన్షన్, సహజంగా అరిగే భాగాలు చాలావాటిలో బయటే ఉంటాయి, పాత కారుకు కావాల్సినవి అవే.

ఖర్చు తగ్గించుకునే న్యాయమైన దారులు లేకపోలేదు. కారు కంపెనీ డబ్బాలో వచ్చే చాలా భాగాలను తయారుచేసేది బాష్, జడ్ఎఫ్, మాలె వంటి సంస్థలే. అదే భాగం ఆ సంస్థ సొంత డబ్బాలో తక్కువకు దొరుకుతుంది. సస్పెన్షన్ ఆర్మ్‌లకు పేరున్న లెమ్‌ఫోర్డర్, షాక్ అబ్జార్బర్లకు పేరున్న సాక్స్ రెండూ జడ్ఎఫ్‌వే. పేరూ ఊరూ లేని నకిలీ భాగం మాత్రం చౌకగా దొరికినా లేబర్ రెండుసార్లు కట్టిస్తుంది. బ్రాండ్ కంటే ఇంజిన్‌ను ఎంచుకోవడం ముఖ్యం. ఒకే మోడల్‌లో ఒక ఇంజిన్ దశాబ్దాలు నడుస్తుంది, ఇంకొకటి పదేళ్లకే గుండెల మీద కుంపటి అవుతుంది. 1989లో వచ్చిన లెక్సస్ ఎల్ఎస్400 లాంటి కార్లు, సౌఖ్యమూ మన్నికా ఒకేచోట ఉండగలవని నిరూపించాయి. అయినా వాటికీ రబ్బరు ముసలిదవుతుంది, టైమింగ్ బెల్టు వేళకు మార్చాల్సిందే.

ఈ కార్లకు ఒక పెద్ద లాభం ఉంది, దాన్ని దాచడం సరికాదు. కొత్త లగ్జరీ కారు మొదటి మూడేళ్లలో పోగొట్టుకునే విలువ, పాత కారు మీద పెట్టే రిపేర్ల మొత్తం కంటే చాలాసార్లు ఎక్కువే. కాబట్టి బిల్లులకు విడిగా డబ్బు ఉంచుకున్నవారికి, కొంత పని తమ చేతులతో చేసుకోగలిగినవారికి ఇది మంచి బేరం కాగలదు. చేతిలో ఉన్నదంతా కారు ధరకే పెట్టేసినవారికి మాత్రం మొదటి పెద్ద రిపేరే చివరిది అవుతుంది. కొనే ముందే ఆ ఇంజిన్‌కు, ఆ ఏడాదికి తరచూ వచ్చే అయిదు పెద్ద లోపాల పేర్లు రాసుకుని, ఒక్కోదానికి ఇద్దరు మెకానిక్‌ల దగ్గర అంచనా తీసుకోవాలి. అందులో ఏ రెండు కలిసి వచ్చినా తట్టుకోగలరా అన్నదే అసలు ప్రశ్న. నెలవారీ వాయిదాల్లో కొనేవారు ఈ ప్రశ్నను మరింత గట్టిగా వేసుకోవాలి, ఎందుకంటే షెడ్డులో నిలిచిపోయిన కారుకు కూడా వాయిదా ఆగదు.

ఎక్కడ ఆపాలన్నది కూడా ముందే నిర్ణయించుకోవాలి. సస్పెన్షన్‌కు పెట్టాం కదా అని గేర్‌బాక్స్‌కు, గేర్‌బాక్స్‌కు పెట్టాం కదా అని ఇంజిన్‌కు పెడుతూ పోతే, ఒక్కో బిల్లూ విడిగా చూస్తే సబబుగానే కనిపిస్తుంది. పెట్టేసిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు. ఇప్పటినుంచి పెట్టబోయేది, దానికి బదులుగా దక్కే కారు విలువ, ఈ రెండే తూచుకోవాలి. ఆపాలనుకున్నప్పుడు లోపం చెప్పి ఉన్నది ఉన్నట్టు అమ్మడం ఒక దారి. ఇంకో దారి పార్టులుగా అమ్మడం. మంచి స్థితిలో ఉన్న సీట్లు, హెడ్‌లైట్లు, తలుపులు, చక్రాలు, పనిచేస్తున్న గేర్‌బాక్స్ విడివిడిగా తెచ్చే మొత్తం, ఆగిపోయిన కారు మొత్తానికి వచ్చే ధరను సులువుగా దాటుతుంది. ఇలాంటి కార్లు ఎన్నో స్క్రాప్ యార్డులకు చేరుతున్నది అందుకే. అక్కడ విప్పిన భాగాలతోనే అదే మోడల్‌కు చెందిన మిగతా కార్లు రోడ్డు మీద నడుస్తున్నాయి.